పొయ్యి కోసం కోసిన బండ

ధర్మవరంలో మా అక్క ఇంటికి పక్కింటామె రోజూ పొద్దున్నే వచ్చి వాసన చూసి పోయేది. గడప బయట చెప్పులు విడిచి, నేరుగా వంటింట్లోకి నడిచి, సిలిండరు దగ్గర వంగి ఒకసారి, పొయ్యి దగ్గర ఒకసారి గాలి పీల్చి, "ఏం లేదక్కా, ముట్టించుకో" అనేది. అప్పుడు అక్క పొయ్యి వెలిగించి ఇద్దరికీ కాఫీ పెట్టేది.

కరోనా కాలంలో వచ్చిన జ్వరంతో అక్కకు వాసన పోయింది. అందరికీ కొన్నాళ్లకు తిరిగి వచ్చింది, ఆమెకు రాలేదు. అనంతపురం తీసుకుపోయి చూపిస్తే, వస్తే వస్తుంది, రాకపోతే లేదన్నాడు డాక్టరు. మేమెవరమూ దాన్ని కష్టాల్లో లెక్కపెట్టలేదు. అదే జ్వరంలో బావ పోయాడు. మనిషే పోయిన ఇంట్లో ముక్కు గురించి మాట్లాడటానికి ఆమెకే మొహమాటంగా ఉండేది.

వంట మాత్రం చెవితో చేయడం నేర్చుకుంది. ఊరిబిండి పచ్చడి నూరడానికి చెనిక్కాయలు వేయించేటప్పుడు పెనం మీదికి తల వంచి వినేది. గింజ పచ్చిగా ఉన్నప్పుడు ఒక చప్పుడు, వేగినప్పుడు ఇంకొకటి. ఎప్పుడైనా మాడితే తినేవాళ్లు చెప్పాలి. తినేవాళ్లు లేరు కాబట్టి మాడిందే తినేది.

ఒకరోజు పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వస్తూనే ఉంది. అక్క అదే గదిలో గోడకు ఆనుకుని చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చుంది. తోడుకు మజ్జిగ అడగడానికి వచ్చిన పక్కింటామె గడపలోనే కేకపెట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పోయి రెగ్యులేటరు కట్టేసింది. పక్కింటామె ముస్లిం. పట్టుచీరలు నేసేవాళ్లకు దారం కండెలు చుట్టి ఇస్తుంది. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడకు ఇటు అక్క పొయ్యి, అటు వాళ్లు పడుకునే గది. మర్నాటి నుంచే ఆమె వాసన చూడటానికి రావడం మొదలుపెట్టింది.

"నా ముక్కు మీ అక్కకు బాడుగకిచ్చినానన్నా. బాడుగ గ్లాసెడు కాఫీ" అంది నాతో.

"దాని ముక్కుకు కాఫీ ఎక్కువే. రేపట్నుంచి చక్కెర తగ్గిస్తా" అంది అక్క.

పత్రికలో పనిచేసినన్నాళ్లూ గ్యాసు ప్రమాదాల గురించి రాస్తూనే ఉన్నాను. అవి నాలుగు వాక్యాల వార్తలు. "లీకైన విషయం గమనించక" అనే ముక్క దాదాపు అన్నింట్లో ఉండేది. ఆ గమనించని మనిషి చిక్కుడుకాయలు తుంచుకుంటూ ఉంటుందని అక్క వంటింట్లో కూర్చున్నాకే తెలిసింది.

సంగతి హిందూపురంలో ఉన్న నా మేనకోడలికి తెలిసింది. ఆమె ఒక కంపెనీలో లెక్కలు రాస్తుంది. మొగుడూ పిల్లలతో రెండు గదుల బాడుగింట్లో ఉంటుంది. అమ్మ ఇల్లు తాళం వేసి తనతో వచ్చేయాలని పట్టుబట్టింది. కూతురు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ బావ పోయిన కొత్తలో అక్క అక్కడ కొన్నాళ్లు ఉండి వచ్చింది. పిల్లలు చదువుకుంటుంటే వీధిలో, అల్లుడు వస్తే వంటింట్లో, వంటింట్లో కూతురు ఉంటే మంచం కొసన. "నేను ఆడ కూచోనీకి చోటు వెతుక్కుంటా తిరగల్లరా" అనేది. ధర్మవరం ఇల్లు బావ మగ్గం మీద సంపాదించి కట్టింది. మగ్గం అమ్మేసినా, కాళ్లు పెట్టుకునే గుంత ముందు గదిలో అలాగే ఉంది. దాని పక్కనే చాప పరిచి అక్క పడుకునేది.

మంట ఆరిపోతే తనంతట తనే గ్యాసు ఆపేసే కొత్తరకం అద్దం పొయ్యిలు, హాబ్‌లు వస్తున్నాయని నేనే చెప్పాను. మేనకోడలు ఆలోచించి ఒప్పుకుంది. "సరే మామా. నా కళ్ల ముందర కొనండి. అది సరిగ్గా పనిచేస్తే అమ్మను రమ్మని అడగను. ఇంకోసారి ఏమన్నా అయిందంటే మాత్రం నేనొచ్చి తీసుకుపోతా."

అక్క ధర్మవరంలో రైలెక్కింది. నేను మా ఊరు పెనుకొండలో అదే పెట్టెలో ఎక్కాను. ఒడిలో సంచీ పెట్టుకుని, పెళ్లిచూపులకు పోతున్నట్టు నిటారుగా కూర్చుని ఉంది.

హిందూపురం అంగట్లో హాబ్‌లు వరసగా గోడకు ఆనించి పెట్టారు. నల్లటి అద్దాలు, ఇత్తడి బర్నర్లు. అమ్మే మనిషికి తొందర ఎక్కువ.

"చూడండమ్మా, అద్దంలో మొగం కనపడతాది."

"నా మొగం నాకు తెలుసులేప్పా. మంట ఆరిపోతే ఇదేం చేస్తాదో అది చెప్పు."

"అట్లయితే ఇండక్షన్ తీసుకోండి. గ్యాసే ఉండదు, భయమే ఉండదు."

"అది మేలు కదమ్మా" అంది మేనకోడలు.

"నా సంగటి దబర సత్తుది, దానిమీద పనిచేయదంట. మా వీధిలో కరెంటు పోయిందంటే ఎప్పుడొస్తాదో దేవునికే తెలీదు. నాకు మంట కావల్ల. కనపడే మంట."

ఒక హాబ్‌కు గ్యాసు పైపు తగిలించి ఉంది. దాన్ని వెలిగించి ఆర్పి చూపించమంది అక్క. అవసరం లేదు, కంపెనీ గ్యారంటీ ఉంది అన్నాడతను.

"కంపెనీవాళ్లు వచ్చి మా ఇంట్లో కాపురం చేస్తారా? ఆర్పు."

అతను నాబ్ నొక్కి కాసేపు పట్టుకుని వదిలాడు. మంట నిలబడింది. బర్నరు పక్కన చిన్న మొన ఒకటి చూపించాడు. మంట సెగ దానికి తగులుతున్నంతసేపే గ్యాసు వస్తుందట. తర్వాత అట్టముక్కతో గట్టిగా విసిరాడు. మంట పోయింది. అందరం నిలబడి చూస్తున్నాం. కొంచెం సేపటికి లోపల టిక్కుమని చప్పుడు.

"వాసన వస్తాందా?" అక్క నన్ను అడిగింది.

"కొంచెం వచ్చిందక్కా. ఇప్పుడు లేదు."

"మళ్లీ ఆర్పు" అందతనితో. మళ్లీ విసిరాడు. ఈసారి ఆమె కళ్లు మూసుకుని విన్నది. టిక్కుమంది. "ముక్కు లేనోళ్లకు చెవిలో చెబుతాది. ఇదే ఇవ్వు" అంది.

వంటింటి బండ మీద పెట్టుకునేదా, బండ కోసి అందులో దింపేదా అని అడిగాడతను. మేనకోడలు పైన పెట్టేది చాలంది. "రేపు ఎప్పుడన్నా ఇల్లు మారినా ఎత్తుకుపోవచ్చు."

"దింపేదే" అంది అక్క, కూతురి వైపు చూడకుండా.

తిరుగు రైల్లో పెనుకొండ వచ్చేముందు ఆ మాట ఎత్తాను. కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "బండ కోసినాక నన్నెవరు కదిలిస్తారురా?"

కడప బండను మిషన్‌తో కోసిన రోజు ఇల్లంతా నల్లటి దుమ్ము. బావ పరిపించిన బండ అది. కోస్తున్నంతసేపూ అక్క వీధిలో నిలబడింది, లోపలికి రాలేదు. హాబ్ దింపాక పక్కింటామెను పిలిచి, మంట ఊది ఆర్పి, ఆ చప్పుడు వినిపించింది.

"ఇంక పొద్దున్నే నువ్వు రావల్సిన పన్లేదు మే."

"చూసినావా అన్నా, నా ముక్కుకు ఉద్యోగం పోయింది" అని నవ్విందామె. మర్నాటి నుంచి రాలేదు. ఆమె కూతురు కాన్పుకు వచ్చి ఉంది. ఆమె పనులు ఆమెకున్నాయి. కాఫీ కూడా దాంతోపాటే ఆగిపోయింది.

అటు తర్వాత నేను ఫోన్ చేసినప్పుడల్లా పొయ్యి ఎట్లుందక్కా అని అడిగేవాణ్ని. "బంగారం మాదిరి ఉండాది" అనేది. కూతురికీ అదే చెప్పేది.

వానలు పడుతున్న రోజుల్లో ధర్మవరంలో ఒక పెళ్లికి పోయి, చెప్పకుండా అక్క ఇంటికి నడిచాను. వాన కొడుతోందని కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తలుపు తోయగానే వాసన గొంతుకు తగిలింది.

అక్క వంటింట్లో నేలమీద కూర్చుని చాటలో రేపటికి నూకలు ఏరుతోంది. "ఎవరూ? నువ్వా! చెప్పకుండా వచ్చినావే. కూసో, సంగటికి నూకలు ఉడకేసినా" అంది. దబర మూత కింద నుంచి తెల్లటి గంజి కారి, బర్నరు మీద, అద్దం మీద పరుచుకుని ఉంది. మంట లేదు. అక్క కూడా అప్పుడే అది చూసి, "అయ్యో, ఆరిపోయిందే" అంటూ లేచి వెలిగించడానికి నాబ్ మీద చెయ్యి వేసింది.

నేను అరిచిన అరుపు నాకే తెలియదు. ఆమె చెయ్యి లాగేసి, నాబ్ కట్టి, రెగ్యులేటరు మూసి, కిటికీలు, తలుపులు తీశాను. వాన జల్లు లోపలికి కొట్టింది. అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చాట జారి నూకలు నేలపాలయ్యాయి.

"ఇది ఆపాల కదక్కా? ఏమైంది దీనికి?"

నేలమీద పడ్డ నూకలు చూస్తూ చెప్పింది. సంగటికి నూకలు ఉడికేటప్పుడు గంజి పొంగుతుంది. పొంగి పొంగి ఆ చిన్న మొనకు అట్టకట్టింది. నాబ్ వదలగానే మంట ఆరిపోవడం మొదలైంది. వీధిలో స్టవ్వులు బాగుచేసేవాణ్ని పిలిచింది. అతను చూసి, అన్ని ఇళ్లలో ఇదే తంటా అమ్మా, లోపల గ్యాసు ఆపే ముక్కను తీసేస్తే ఇంక ఏ బాధా ఉండదన్నాడు. తీసేసి పోయాడు. మంట నిలబడింది.

"తీసేస్తే ఏమవుతాదో నీకు తెలుసు కదా?"

"తెలుసు. ఆ పొద్దునుంచి టిక్కుమనలేదు. రోజూ విన్నా. అనలేదు."

"ఒక ఫోన్ చేసుంటే కంపెనీ మనిషిని పంపేవాళ్లం కదక్కా."

"చెబితే నా కూతురు వస్తాది. పొయ్యి చెడిపోయిందంట, పదమ్మా అంటాది. ఇంకోసారి అంటే తీసుకుపోతానన్నది నువ్వు వినలేదా?"

నా అరుపు విని పక్కింటామె వచ్చింది. గడపలో నిలబడి ఒకసారి గాలి పీల్చింది. అక్కను చూడలేదు, నన్ను చూడలేదు. పొయ్యి వెనక గోడను చూసింది. గోడకు అవతల ఉయ్యాల చప్పుడు వినిపిస్తోంది. ఆమె వెనక్కి తిరిగి గబగబా ఇంటికి పోయింది. కాసేపటికి ఉయ్యాల చప్పుడు ఆగింది. వానలోనే బిడ్డను గుడ్డలో చుట్టుకుని, కూతురిని వెంటబెట్టుకుని ఎదురింటి అరుగు మీదికి పోవడం మా తలుపులోంచి కనపడింది.

అక్క అంతా చూసింది. నేను నూకలు ఊడ్చాను. ఆ ముక్క మళ్లీ పెట్టిద్దామన్నాను. మొనను వారానికోసారి తుడవడానికి మనిషిని పెడదామన్నాను. పొద్దున్నే వాసన చూడటానికి మళ్లీ పక్కింటామెనే అడుగుదామన్నాను.

"ఏ మొగం పెట్టుకుని అడిగేది?" అంది. "ఆ ముక్క తీయించింది పొయ్యి కాదురా. నేను. మళ్లీ పెట్టిస్తే మళ్లీ తీయించనని నాకే నమ్మకం లేదు. చచ్చినా ఈడనే చావల్లనుకున్నా. గోడ అవతల పసిబిడ్డ ఉండాదని మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు" అంది.

ఆ సాయంత్రం కూతురికి ఆమే ఫోన్ చేసింది. జరిగింది దాచలేదు. అటువైపు ఏడుపు వినిపించింది. అక్క ఏడవలేదు. "రేపు బండి తీసుకుని రా" అంది.

పోయేముందు పక్కింటి గడప దాకా పోయింది. పక్కింటామె కండెలు చుట్టడం ఆపి లేచింది. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. అక్క ఆమె చేతిలో కాఫీ పొడి డబ్బా పెట్టి రావడం మాత్రం చూశాను.

హాబ్‌ను విప్పి, వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి హిందూపురం చేర్చాం. అక్కడ బాడుగింటి బండ కోయడానికి వీల్లేదు. అది ఇప్పుడు అక్క పడుకునే మంచం కింద ఉంది. ఆమె ఆ ఇంట్లో వంట చేయదు, ఎవరూ చేయనివ్వరు. కూతురు మంచిగానే చూసుకుంటుంది. పోయినప్పుడల్లా ఆమె మంచం కొసనే కనిపిస్తుంది. వంటింట్లో తాలింపు పడితే తల కొంచెం పక్కకు వంచి వింటుంది.

ధర్మవరం ఇంటిని ఒక మగ్గాల కుటుంబానికి బాడుగకిచ్చాం. గుంత ఉన్న ఇల్లని సంతోషపడ్డారు. వంటింటి బండలో ఉన్న పెద్ద చిల్లు చూసి, ఇదేంటన్నా అని అడిగారు. పొయ్యి పెట్టిన చోటని చెప్పాను.

మొన్న హిందూపురం పోయినప్పుడు, వాళ్లు ఆ చిల్లు మీద పలక పరిచి స్టవ్వు పెట్టుకున్నారని చెప్పాను. అక్క మంచం మీద నుంచి తల ఎత్తింది.

"ఏం పలక?"

"చెక్క పలక."

"పొయ్యి కింద ఎవరన్నా చెక్క పెడతారారా? అవతల బిడ్డ పండుకుంటాది. రేపే పోయి బండ వేయించు" అంది.