రొట్టె కోసి భూమిని చూపించిన సర్వే సారు

ఈ పోస్టాయనకి ముద్ర కొట్టడానికి కార్డు మీద ఇంకెక్కడా చోటు దొరకదేమో, సరిగ్గా అక్షరాల మీదే కొట్టి చచ్చాడు. కళ్లజోడు తుడుచుకుని, ఎండకి పట్టి చదివితే తెలిసింది. మా సర్వే సారు పోయారు. వాళ్లమ్మాయి రాసింది.

ఆ మధ్య మన పర్చూరు చేలల్లో చమురుందేమోనని జీపులేసుకొచ్చారు చూడండి, వాళ్లకి ఈయనే పెద్ద. ఏడాది పైగా మా వరండా గదిలోనే ఉన్నారు. ఏ చేలో నడిచినా ఓ మట్టిబెడ్డ జేబులో వేసుకునేవారు. చొక్కాలు ఉతికే ఆమె రోజూ గొణిగేది.

నేను ఆరో తరగతి తప్పినోణ్ణి. చమురు బావిలో నీళ్లలాగా ఉంటుందా సారూ అనడిగితే నవ్వలేదు. మా ఆవిడ వేసిన రెండు దిబ్బరొట్టెల మధ్య గోంగూర పచ్చడి పూసి, నిలువునా కోసి, ఒక సగాన్ని పళ్లెం అంచు మీంచి కాస్త కిందికి జార్చారు. ఇవతల పచ్చడికి ఎదురుగా అవతల రొట్టె గోడలా నిలబడింది.

"భూమిలో పొరలు ఇలాగే విరిగి జారతాయి బాబాయ్ గారూ. చమురు, గ్యాసు రాతి సందుల్లోంచి పైకి పాకుతుంటాయి. విరుపు దగ్గర గట్టి రాయి అడ్డమొస్తే అక్కడ ఆగి పోగవుతాయి. విరుపు వదులుగా ఉంటే దాని వెంటే కారిపోతాయి."

మా నల్లరేగడి నెర్రెలు చాలక లోపల కూడా విరగ్గొడుతున్నారా అన్నాను. నవ్వి, ఆ రొట్టె తినేశారు.

పైవాళ్లు వద్దన్నా వినకుండా, మా మిరపచేల కింద విరుపుందని పట్టుబట్టి బోరు వేయించారు. నెలలు తవ్వితే ఉప్పునీళ్లు పడ్డాయి. ఆ పూట కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండా అన్నారు: "విరుపు వదిలేసిందో, అసలు విరుపే లేదో తెలీట్లేదు బాబాయ్ గారూ."

అందర్నీ ఏడిపించే నేను ఆ పూట మజ్జిగ గ్లాసు ఆయన ముందుకి జరిపాను. తర్వాత ఆయన్ని ఆఫీసులో కాయితాలు సర్దే పనిలో కూర్చోబెట్టారు. మళ్లీ ఆయన మాట మీద ఎవరూ గొయ్యి తియ్యలేదు. మంచం పట్టాక కూడా మా చేల గీతల కాయితాలు పరుచుకుని, ఎక్కడ తప్పు చదివానా అని చూసుకునేవారట. కార్డులో ఆ ముక్క మీద ముద్ర పడలేదు.

ఆ గీతలు తియ్యడానికి ముందు చేలల్లో కొలిచి కొయ్యలు పాతారండీ. కొయ్య దగ్గర భూమి అదురు పట్టే పరికరం పెడతారు. ఆ అదురే కాయితం మీద గీతలై వస్తే, అవి చదివి విరుపు ఎక్కడుందో చెబుతారు. సారు టీ తాగుతుంటే నేనొక కొయ్య పీకి పదడుగులు పక్కన పాతాను, వెతుక్కుంటుంటే ఏడిపిద్దామని. ఆయన వెతుక్కోలేదు. మర్నాడు చూస్తే పరికరం అక్కడే పెట్టేసి ఉంది. నేను నోరు మెదపలేదు.

పదడుగులకి భూమి లోపల లెక్క తప్పుతుందో లేదో నాకేం తెలుసు. చెప్పగలిగిన మనిషి ఆయనొక్కరే.