పైకి లేవని చెయ్యి

ఆ రోజు ఉదయం బూత్ తెరవాలన్న తొందరలో రవిక హుక్కులు పెట్టుకుంటుంటే, ఎడమ రొమ్ము పక్కన గట్టిగా ఏదో తగిలింది. శనగ గింజంత ఉంది. నొక్కినా నొప్పి లేదు. అవనిగడ్డ బస్టాండు దగ్గర మాకు ఎస్టీడీ బూత్ ఉండేది. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులవి. ఆ రోజంతా బిల్లులు చింపి ఇస్తూ కూర్చున్నానే గానీ, నా మనసు ఆ గింజ దగ్గరే ఉంది. అసలే నేను ఉరుము వింటే చెవులు మూసుకునే రకాన్ని.

మా ఆయన ఆ వారమే బందరు తీసుకెళ్ళారు. అక్కడి లేడీ డాక్టరు గారితో, "నొప్పేం లేదండీ," అన్నాను, అదేదో గొప్పలాగా.

"నొప్పి లేకపోవడమే నాకు నచ్చలేదమ్మా. బెజవాడ వెళ్ళండి, ఆలస్యం చెయ్యొద్దు," అన్నారావిడ.

బెజవాడలో మామోగ్రామ్ తీశారు. సూది గుచ్చి గడ్డలోంచి కొంచెం తీసి ఎఫ్ఎన్ఏసీ పరీక్ష చేశారు. రిపోర్టు చేతిలో పట్టుకుని సర్జన్ గారు నా వైపు కాకుండా మా ఆయన వైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టారు. మాలిగ్నెంట్, అంటే క్యాన్సర్ అన్నారు. రొమ్ముతో పాటు చంకలో నోడ్స్ అనే గ్రంథులు కూడా తీసెయ్యాలి, గాయం మానాక రేడియేషన్ ఇవ్వాలి అన్నారు. పిల్లలిద్దరూ ఇంకా స్కూల్లోనే ఉన్నారు. వాళ్ళకి జడలెవరు వేస్తారా అన్నది తప్ప ఇంకేమీ తోచలేదు.

ఆపరేషన్‌కి ముందు నన్ను ఫిజియోథెరపీ గదికి పంపారు. మా ఆయన రక్తం ఏర్పాట్లకి వెళ్ళారు. లోపలికి ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడున్న అమ్మాయి ఊపిరి నిండా పీల్చి నిదానంగా వదలడం నేర్పింది. రోజూ నడవమంది. తర్వాత గోడ వైపు నిలబెట్టి, వేళ్ళని పైపైకి పాకించమంది.

"ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ?" అన్నాను.

"ఆపరేషన్ అయ్యాక నొప్పిలో నా మాట మీ బుర్రకెక్కదండీ. ఇప్పుడే నేర్చుకుంటే అప్పుడు చెయ్యే చేస్తుంది," అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గాయంలో నీరు బయటికి పోవడానికి పెట్టిన డ్రెయిన్ ట్యూబు తీసి ఇంటికి పంపేటప్పుడు, చెయ్యి కొంచెం కొంచెంగా లేపుతూ ఉండాలని మళ్ళీ చెప్పారు. ఇంట్లో మా అత్తయ్య ఎదురుచూస్తోంది.

మా అత్తయ్యని గురించి చెప్పాలి. నా కాన్పులు రెండూ ఆవిడ చేతుల మీదే గడిచాయి. మా వీధిలో ఏ ఇంట్లో బాలింత ఉన్నా ఆవిడకి కబురొచ్చేది. నన్ను చూడగానే, "కోత పడింది. పచ్చి ఒళ్ళు. ఇక నువ్వు కదలకూడదు, అంతే," అంది. చెవుల్లో దూది పెట్టింది. కారప్పొడి కలిపిన అన్నం ముద్దలు చేసి నోటికందించింది. నిద్రలో కదిలిస్తానేమోనని పాత చీర పీలికతో ఎడమ చేతిని ఒంటికి కట్టేది.

"డాక్టర్లు లేపమన్నారత్తయ్యా," అన్నాను ఒకసారి.

"వాళ్ళు చెప్పి పోతారు. కుట్లు ఊడితే పడేది మనం."

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి ఏ కాస్త లేపినా లోపలేదో చిరిగిపోతున్నట్టుండేది. చూడటానికి వచ్చిన చర్చి ఆడవాళ్ళు ప్రార్థన చేసి, "ఇలాంటి అత్తగారు ఎంతమందికి దొరుకుతుంది!" అని మెచ్చుకుని వెళ్ళేవారు.

గాయం మానింది. రేడియేషన్ ఎక్కడ పెట్టాలో కొలిచి చూసే ప్లానింగ్‌కి రమ్మంటే, అత్తయ్యతో కలిపి ముగ్గురం బెజవాడ వెళ్ళాం. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, ఎడమ చెయ్యి తల వెనక్కి పెట్టమన్నారు. అది భుజం దాటి పైకి రాలేదు. టెక్నీషియన్ మెల్లగా లేపబోతే కేక పెట్టాను. డాక్టరు గారొచ్చి చూశారు.

"షోల్డర్ బిగుసుకుపోయింది. చెయ్యి ఇలా అడ్డంగా ఉంటే మెషీన్ పెట్టలేమమ్మా. ముందు ఇది లేవాలి."

"లేచేదాకా ఆగొచ్చాండీ?" అన్నాను.

"ఎక్కువ రోజులు ఆగకూడదు," అన్నారు.

అంత భయం నాకు ఆపరేషన్ రోజున కూడా వెయ్యలేదు. లోపల ఏదైనా మిగిలి ఉంటే, నా చెయ్యి లేచేదాకా అది ఆగుతుందా?

మళ్ళీ ఆ ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికే పంపారు. ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారని అడిగి, బయట బెంచీ మీదున్న అత్తయ్యని లోపలికి పిలిచింది. అత్తయ్య తగ్గలేదు. "పచ్చి ఒళ్ళు కదమ్మా, ఎలా కదపనిస్తాను? నేనెంతమంది బాలింతల్ని చూశాననుకున్నావ్?" అంది.

"ఇది కాన్పు కాదు మామ్మగారూ. ఈ చెయ్యి పైకి రాకపోతే కరెంటు పెట్టరు," అంది ఆ అమ్మాయి. రేడియేషన్‌ని మా వైపు అలాగే అంటారు.

అత్తయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అయితే దీనికి నేనే చేటు చేశానా?" అంది. ఆ అమ్మాయి ఆవిణ్ణి గోడ దగ్గరికి తీసుకెళ్ళి, ఏం చేయించాలో, ఎక్కడ ఆపాలో అన్నీ చూపించింది.

ఇంటికొచ్చాక అత్తయ్య వేరే మనిషైపోయింది. కంచం నా చేతికే ఇచ్చేది. పొద్దునా సాయంత్రం కాలవ గట్టున తనతో పాటు నడిపించేది. గోడ దగ్గర నా వేళ్ళు ఆగిన చోట పసుపు బొట్టు పెట్టి, మర్నాడు దాన్ని దాటమనేది. నేను ఏడుస్తుంటే తనూ ఏడ్చేది గానీ, నన్ను మాత్రం మానుకోనిచ్చేది కాదు. ఈ మధ్యలో చంక కింద తీగలాంటిది చేతికి తగిలింది. జబ్బు మళ్ళీ వచ్చిందనుకుని ఇద్దరం అన్నం ముట్టలేదు. పరుగున వెళ్తే డాక్టరు గారు, "కార్డింగ్ అంటారమ్మా, ఆపరేషన్ తర్వాత కొంతమందికి వస్తుంది. జబ్బు కాదు. సాగదీస్తూ ఉండండి," అన్నారు.

రెండోసారి బల్ల ఎక్కినప్పుడు చెయ్యి తల వెనక్కి వెళ్ళింది. అక్కడే నిలబడింది. రేడియేషన్ మొదలైంది, పూర్తయింది.

ఇప్పుడు బూత్‌లో జెరాక్స్ మెషీన్ పెట్టుకున్నాం. పిల్లల జడలు వాళ్ళు పెద్దయ్యేదాకా నేనే వేశాను. భయం మాత్రం పూర్తిగా పోలేదు. చెకప్ దగ్గరపడితే ఇప్పటికీ మళ్ళీ పైకొస్తుంది. ఎవరికి ఈ ఆపరేషన్ అయిందని విన్నా అత్తయ్యే ముందు వెళ్ళి, వాళ్ళ గోడకి పసుపు రాసి వస్తుంది.

ఈ ఆపరేషన్‌కి సిద్ధమవుతున్న వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. వ్యాయామం నేర్పే ఆ గదిలోకి ఒక్కరే వెళ్ళకండి. మీ మీద ప్రాణం పెట్టుకుని, మిమ్మల్ని మంచం దిగనివ్వని మనిషి మీ ఇంట్లో ఎవరో మీకు తెలుసు. ముందు వాళ్ళని లోపలికి తీసుకెళ్ళండి.