తమ్ముడి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు

వీధి బడిలో ఐదో తరగతితో ఆగినా, ఈ కాలనీకి దీపాలు తెప్పించింది నేను. ఇద్దరు కొడుకుల్ని ఇంజనీర్లను చేసింది నేను. అమ్మ పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిందీ నేనే. వాడు సిటీ బస్సు కండక్టరు. వాడి మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు.

అలాంటి వాడికి గుండె బలహీనపడింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆసుపత్రిలో వీపులో సూది గుచ్చి, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసి పరీక్షకు పంపారు.

రిపోర్టు చూసి డాక్టరమ్మ నొసలు చిట్లించింది. “గుండె వల్ల చేరిన నీరైతే పలచగా ఉండాలి. ఇందులో ప్రోటీన్ ఎక్కువుంది. క్షయో, క్యాన్సరో తేల్చుకోవాలి. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర నుంచి చిన్న ముక్క తీద్దాం.”

తరవాత తమ్ముడి వైపు తిరిగింది.

“నీరు తగ్గే మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?”

వాడు నోరు తెరిచేలోపే అందుకున్నాను. “మావాడు గడియారమమ్మా! నా పెంపకం. ఒక్క పూట తప్పడు.”

వాడు దుప్పటి అంచు నలుపుతున్నాడు. “నువ్వు కాస్త బయటికెళ్ళక్కా.”

“నా దగ్గర దాపరికమేంట్రా?”

“నీ దగ్గరే కదక్కా సిగ్గు!”

అడ్డుతెర అవతల నిలబడ్డాను. గుడ్డ తెర మాటల్ని ఆపుతుందా?

“డ్యూటీ రోజుల్లో వేసుకోనమ్మా. వేసుకుంటే ఊరికే ఒంటికి పరుగెత్తాలి. ఓసారి బస్సాపించి గోడ చాటుకెళ్తే, ‘కండక్టరు గారు గోడకి టికెట్ కొడుతున్నారు’ అని ఒకటే నవ్వులు. ఇంకోసారి దిగేలోపే ప్యాంటు తడిసిపోయింది. సంచి అడ్డం పెట్టుకుని డిపోకొచ్చా. ఇక్కడికొచ్చే ముందు భయమేసి, మానేసినవన్నీ రెండ్రోజుల్లో మింగేశా.”

“కిడ్నీలు పోగొట్టుకునేవారు!” అని డాక్టరమ్మ కసిరింది. తరవాత గొంతు తగ్గించింది. “మాత్రలు నీటిని లాగేస్తే ప్రోటీన్ మిగిలిపోతుంది, మరిగిన పాలు చిక్కబడ్డట్టు. ముక్క సంగతి తరవాత చూద్దాం.”

రక్తం తీయించింది. ఆ రిపోర్టు వచ్చేదాకా నేను తెర అవతలే ఉన్నాను. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంతుందో, ఆ నీటిలో ఎంతుందో పక్కపక్కన పెట్టి చూసింది. తేడా బాగా ఉంది. “తేడా ఇంత ఉందంటే గుండె వల్ల చేరిన నీరే. క్షయ, క్యాన్సర్ ఆనవాళ్ళు కూడా కనిపించలేదు. ముక్క తీయక్కర్లేదు. మాత్ర వేళ మారుస్తాను, ఈసారి దాచకండి.”

నేను లోపలికెళ్ళాను. వాడు కిటికీ వైపు తిరిగిపోయాడు.

“విన్నావా?”

“లేదురా.”

వాడు నమ్మలేదు. వాడి తడి లాగులు మార్చి పెంచినదాన్ని నేను. ఎంతమందికో గొప్పగా చెప్పుకున్న ఆ లాగుల మాట అప్పుడు నోట రాలేదు.