నా సంతకాన్ని వెనక్కి తెచ్చిన కమల సిస్టర్

నిన్న పొద్దున బిడ్డ లత ఫోన్ చేసింది. "నాయినా, కమల సిస్టర్ పోయిందట. గుండెపోటు."

నమ్మలేదు. "నీకెవలో తప్పు చెప్పిన్రు" అని బిడ్డనే తిట్టాను.

మొన్న శుక్రవారమే కదా ఆమెతో మాట్లాడింది! మా లత నర్సింగ్ ఫైనల్ ఇయర్ పాసైందని ముందు ఆమెకే చెప్పాను. సంతోషం పట్టలేక ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. "అరవకు అన్నా, చెవులు పోతున్నయ్" అని నవ్వింది.

ఇప్పటికీ ఆ సంతోషం గుండెల్లో అట్లాగే ఉంది. ఈ ఏడుపు దాని పక్కనే ఉంది. ఏం చేయాలో తెలియట్లేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. ఆమె మా లత చదివిన ఆశ్రమ పాఠశాలలో పిల్లల ఆరోగ్యం చూసే నర్సు.

లతకు సికిల్ సెల్ అనే రక్తం జబ్బు. నీళ్లు తక్కువైతే ఎముకల్లో నొప్పి లేస్తుంది. కానీ బాత్రూమ్‌కు పంపరని పిల్ల నీళ్లే తాగేది కాదు.

సిస్టర్ ఏం చేసిందో తెలుసా? గంటకోసారి వరండాలో స్టీల్ కంచం మోగించి "నీళ్లూ!" అని అరిచేది. పిల్లలందరూ బాటిళ్లు ఎత్తేవాళ్లు.

హెడ్మాస్టర్‌కు మండింది. "ఇది బడా, రైల్వే స్టేషనా?"

"స్టేషనే సార్. నా పిల్లలు టెన్త్ దాక పోవాలె. నడుమ దిగనియ్య."

ఆ బడి గోడ మీద రంగులతో రాసి ఉండేది: వెనుకబడిన పిల్లలకు స్పెషల్ క్లాసులు, ప్రతి విద్యార్థికి హెల్త్ కేర్. ఎంత బాగా రాశారో! ఒక్క క్లాసు జరిగితే ఒట్టు. అధికారులు వచ్చిన రోజు ఫొటో మాత్రం దిగేవాళ్లు. థూ!

టెన్త్‌లో లత సగం రోజులు మంచం మీదే. లెక్కలు పోతాయని భయం. హెడ్మాస్టర్ నన్ను పిలిచి కుర్చీ వేశాడు. "పెద్దాయనా, పిల్లకు ఇంటికాడ మంచిగ రెస్ట్ దొరుకుతది. టీసీ తీస్కపో. గీడ సంతకం పెట్టు."

పెట్టాను. దండం కూడా పెట్టాను. అడవి తేనె సీసా కూడా ఇచ్చి వచ్చాను!

రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మర్నాడు సిస్టర్ ఆటో ఎక్కి మా ఇంటికి వచ్చింది. ఆ కాగితం నకలు నా చేతిలో పెట్టి గట్టిగా చదవమంది. కూడబలుక్కుని చదివాను. "నా ఇష్టంతోనే నా కుమార్తె చదువు మాన్పిస్తున్నాను..."

"ఏందన్నా ఇది?"

"సారు మా మంచికే చెప్పిండు కదమ్మా."

"ఎవరి మంచికి? ఒక్క పిల్ల ఫెయిలైతే ఆయన వంద శాతం రిజల్ట్ పోతదని!"

అదే ఆటోలో మమ్మల్ని బడికి తీసుకుపోయింది. హెడ్మాస్టర్ టేబుల్ ముందే తెల్ల కాగితం పెట్టింది. "రాయన్నా. నా బిడ్డ గీడనే చదువుతదని రాయి." అన్నీ తప్పులే రాశాను. అయినా అదే చెల్లింది. పాతది ఆమే చింపేసింది.

ఆ తర్వాత రోజూ డ్యూటీ అయ్యాక సిక్ రూమ్‌లో లత మంచం పక్కన కూర్చుని లెక్కలు చెప్పింది. తనకు రానివి వేరే పిల్లల్ని అడిగి నేర్చుకుని మరీ చెప్పింది. లత పాసైంది.

ఆ రిజల్ట్‌కు హెడ్మాస్టర్‌కు శాలువా కప్పారు. సిస్టర్‌కు మెమో ఇచ్చి వేరే బడికి పంపారు.

అదే హెడ్మాస్టర్ నిన్నటి నుంచి ఆమె పక్కన నిలబడ్డ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టి "మా బడి ఆణిముత్యం" అంటున్నాడు. కింద నూరు దండాలు.

పైగా నాకు ఫోన్. "రేపు సంతాప సభ. లత నర్సయింది కదా, తీస్కరా. స్టేజీ మీద మాట్లాడాలె."

"స్టేజీ ఎక్కం సార్. ఈ ఏడు ఎంతమందితోని సంతకాలు పెట్టించినవో వాళ్ల పేర్లు చెప్పు. ఆ ఇండ్లకు పోతం" అన్నాను.

ఫోన్ కట్ చేశాడు.

నిన్న రాత్రే ఇంటికి వచ్చిన లత మాత్రం బ్యాగు సర్దుకుంది. "పేర్లు ఆయనేం చెప్తడు నాయినా? బడికి పోయి పిల్లల్నే అడుగుదాం పా" అంది. రేపు పొద్దున ఇద్దరం బయల్దేరుతున్నాం.

సిస్టర్, పోయిరా తల్లీ. ఏ మెమో రాని చోట హాయిగా నిద్రపో.