ఖాళీ గదుల వేడి

పోయిన శనివారం మా తెలుగు చర్చిలో కొత్తగా చేరిన స్టూడెంట్ అమ్మాయిలు తాము అద్దెకు తీసుకున్న ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుని, ఆంటీ మీరు తప్పకుండా రావాలని పిలిస్తే, మంచు పడుతున్నా నెమ్మదిగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. మా నోవై ఊరి చుట్టుపక్కల ఇప్పుడు ఎటు చూసినా గోడలోంచి వేడిగాలి ఊదే కొత్త ఇళ్ళే గాని, ఈ పిల్లలకు దొరికింది మాత్రం వెనకటి కాలపు ఇల్లు, కిటికీల కింద ఇనప రేడియేటర్లు, బేస్‌మెంట్‌లో బాయిలర్. పాట అయిపోయి అందరం కళ్ళు మూసుకున్నాక, గోడ వెనక గొట్టంలో ఎవరో సుత్తితో కొట్టినట్టు టంగుమని ఒక్క దెబ్బ వినిపించింది. పిల్లలు కళ్ళు తెరవకుండానే చిన్నగా నవ్వుకున్నారు. నేను మాత్రం కళ్ళు తెరిచి ఆ గోడ వంకే చూస్తూ ఉండిపోయాను. ప్రార్థనలో తర్వాత ఏమేమి అన్నారో నేను వినలేదు.

మన ఈడు వాళ్ళలో ఈ దేశంలో చలికాలంలో వచ్చి దిగినవాళ్ళకు ఆ మొదటి భయం గుర్తుండే ఉంటుంది. ఇంట్లో వేడి ఉన్నంతసేపే మన బతుకు అనిపించేది. అప్పట్లో మావారు కార్ల కంపెనీలో పనిచేసేవారు, నాదీ అదే లోకం, ఇంజిన్ మరీ కాగిపోకుండా దాని చుట్టూ తిరిగే నీళ్ళ సంగతి చూసే పని. ఆఫీస్‌కి దగ్గరని మేం తీసుకున్న అద్దె ఇల్లు కూడా ఇలాంటిదే. కింద బాయిలర్ నీళ్ళు కాస్తుంది, ఒక మోటారు ఆ నీళ్ళను గొట్టాల్లోకి తోస్తుంది, అవి గదిగదికీ తిరిగి రేడియేటర్లను వేడెక్కించి, చల్లారి మళ్ళీ కిందికి చేరతాయి. ప్రతి రేడియేటర్ పక్కనా నీళ్ళు రానివ్వడానికీ ఆపడానికీ మన కుళాయికి ఉన్నట్టే తిప్పే పిడి ఒకటి ఉండేది. హాల్లో గోడ మీద థర్మోస్టాట్, హాలు వెచ్చబడేదాకా కింద మంటను వెలిగించి ఉంచడం దాని ఉద్యోగం.

ఆ ఇంట్లోనే మా అమ్మాయి నెలలు నిండకుండా పుట్టింది. గుప్పెడంత పిల్ల. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ మరీమరీ చెప్పిన మాట ఒక్కటే, ఈ బిడ్డకు తన ఒంటి వేడిని తను నిలుపుకునే శక్తి ఇంకా రాలేదు, చలి తగలనివ్వకండి అని.

బాలింతను చూసుకోవడానికి మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. అమ్మ మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఎంత నర్సు అంటే మా నాన్నగారు కూడా ఆవిడ చెప్పిన వేళకే దగ్గేవారని మేం వేళాకోళం చేసేవాళ్ళం. ఖాళీ మంచం మీద ఫ్యాన్ తిరుగుతుంటే ఆవిడ ప్రాణం ఒప్పేది కాదు. వార్డులోంచి బయటికి వస్తూ చూడకుండానే చెయ్యెత్తి స్విచ్ కట్టేసేది, ఇంట్లోనూ అంతే. వచ్చిన రోజునే నా చెవులకు గుడ్డ కట్టి, దూది పెట్టి, చన్నీళ్ళు ముట్టుకోవద్దని, గుమ్మం దాటవద్దని ఆజ్ఞ జారీ చేసింది. పెద్ద ఇంజనీరునని పేరేగాని, నేనా గదిలోంచి కదిలింది లేదు.

మావారి సెలవు అయిపోయి ఆఫీస్‌కి వెళ్ళిన మొదటి రోజు అది. పొద్దుటి నుంచీ మంచు ఆగకుండా పడుతూనే ఉంది. మధ్యాహ్నం పాపకు పాలిచ్చి పడుకోబెట్టానో లేదో, గోడలో టంగుమని చప్పుడు. పెద్ద ఇంటి గొట్టాలు కదా, ఏవో మూలుగుతుంటాయిలే అనుకున్నాను. మళ్ళీ ఒకటి, మళ్ళీ ఒకటి. ఆ తర్వాత దెబ్బలు ఆగి, నేల కింద పెద్ద డేగిసాలో ఎసరు మరుగుతున్నట్టు గుడగుడమని మోత మొదలైంది, మంచం కోడు సన్నగా వణకడం నా వీపుకు తెలిసింది. కాలిన ఇనుము వాసన వచ్చింది. నిజం చెప్పాలంటే అంత భయం కాన్పు నొప్పుల్లో కూడా నాకు వేయలేదు.

అమ్మ బేస్‌మెంట్ మెట్లు దిగి వెళ్ళింది. తిరిగి పైకొచ్చేసరికి ఆవిడ ముఖంలో నెత్తురు లేదు, గొంతు మాత్రం డ్యూటీలో ఉన్నట్టే ఉంది.

"బాయిలర్ మీటరులో ముల్లు ఎర్ర గీత దాటిపోయిందమ్మా. పక్క గొట్టంలోంచి మరిగే నీళ్ళు చిమ్ముతున్నాయి."

పేలిపోతుందా అని అడిగాను. 

"అది అలా ఊదినంతసేపూ పేలదు. మా ఆస్పత్రిలో పరికరాలు ఉడికించే స్టెరిలైజర్ ఆవిరి ఊదడం మానేసినప్పుడే మేం పరుగెత్తేవాళ్ళం" అంది అమ్మ.

ఆ మాట నాకు ధైర్యం చెప్పడానికి అందో, తనకు తను చెప్పుకుందో గాని, నేను గుడ్డలూ దూదీ అన్నీ మరిచి లేచి, బేస్‌మెంట్ మెట్ల పైన గోడకున్న బాయిలర్ ఎర్ర స్విచ్ దాకా గోడ పట్టుకుని నడిచి దాన్ని ఆపేశాను. కింద మంట ఆరిపోయింది. మోత తగ్గుతూ తగ్గుతూ ఆగింది. అప్పుడు ఇల్లంతా అలుముకున్న నిశ్శబ్దం ఇంకా భయపెట్టింది, ఎందుకంటే ఇక మా ఇంట్లో వేడి లేదు.

మావారికి ఫోన్ చేశాను. "స్టార్ట్ అయిపోయాను, హైవే మొత్తం స్టక్ అయి ఉంది. పాపని తీసుకుని ఎవరింటికైనా వెళ్ళిపోండి" అన్నారు. ఎవరింటికి వెళ్తాం? పక్కింటి ముసలి దంపతులు చలికాలం వస్తే ఫ్లోరిడా పోయేవాళ్ళు. ఇల్లు అద్దెకిచ్చినాయన పంపుతానన్న మెకానిక్, రోడ్ల మీద మంచు తీసేదాకా రాలేనన్నాడు. ఆ గాలిలో, ఆ మంచులో, గుప్పెడంత పిల్లను పట్టుకుని ఎంత దూరం నడుస్తాం? బాయిలర్ వెలిగిస్తే ఏమవుతుందోనని భయం, వెలిగించకపోతే పాప ఏమవుతుందోనని భయం. అమ్మ పాప బట్టలు విప్పి, తన రొమ్ముకు ఆనించుకుని, పైన చీర కొంగు, దాని మీద రెండు దుప్పట్లు చుట్టుకుని కూర్చుంది. నెలలు నిండని పిల్లలను ఆ మిషన్ ఆస్పత్రిలో అలాగే బతికించేవాళ్ళట. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ఏ కీర్తన చదువుతున్నదో నేను అడగలేదు.

కిటికీ అద్దాలకు లోపలివైపు మంచు పొర కట్టడం మొదలయ్యాక, ఇలా కూర్చుంటే లాభం లేదని నేను మెట్లు దిగాను. అమ్మ వద్దనలేదు, అదే నన్ను మరీ భయపెట్టింది. కింద నేలంతా వేడి నీళ్ళు. బాయిలర్ నుంచి పైకి పోయే గొట్టం దగ్గర చెయ్యి పెట్టలేకపోయాను, అంత సెగ. ఇంటిని చుట్టి తిరిగొచ్చే గొట్టం మాత్రం రాయిలా చల్లగా ఉంది. అది చూశాక కాస్త తెలివి వచ్చింది. ఆఫీస్‌లో నా పనే అది కదా. ఇంజిన్ అతిగా వేడెక్కిందంటే మంట ఎక్కువైందని కాదు, నీళ్ళు తిరగడం లేదని. మోటారు ఆగిపోయిందేమోనని ముందు అనుమానపడ్డాను, కాని ఎర్ర స్విచ్ ఆపింది మంటను మాత్రమే, అది ఇంకా తిరుగుతూనే ఉంది, చెయ్యి ఆనిస్తే ఆ అదురు తెలుస్తోంది. అంటే తోసే మోటారు బాగానే ఉంది, నీళ్ళకే దారి లేదు.

పైకొచ్చి హాల్లో రేడియేటర్ పిడి పట్టుకు చూశాను. బిగించి ఉంది. పక్క గదిలోదీ బిగించే ఉంది. అంటే ఇంట్లో మా గది రేడియేటర్ ఒక్కటే తెరిచి ఉందన్నమాట, ఆ ఒక్క దారిలో అంత నీరు ఎలా పోతుంది? హాలు రేడియేటర్ మూసి ఉంది గనక హాలు ఎప్పటికీ వెచ్చబడదు, హాలు వెచ్చబడదు గనక థర్మోస్టాట్ మంటను ఆపదు.

అమ్మ గుమ్మంలో నిలబడి నన్ను చూస్తోంది.

"పైగదులవీ పక్క గదిదీ వచ్చినప్పుడే కట్టేశానమ్మా. హాల్లోది పొద్దున అల్లుడుగారు వెళ్ళాక కట్టేశాను. మనుషులు లేని గదికి వేడెందుకని. అదంతా పాపకే వస్తుందనుకున్నా."

నేను ఒక్కొక్క గదికీ వెళ్ళి పిడులన్నీ తెరిచాను, మెట్లెక్కుతుంటే కుట్లు లాగాయి. బాయిలర్ బాగా చల్లారేదాకా ఆగాం. కాగిన కారు రేడియేటర్ మూత తీయకూడదన్నది మా ఆఫీస్‌లో కొత్తవాళ్ళకు మొదట నేర్పే పాఠం. తర్వాత అమ్మ పాపను నాకిచ్చి, తనే కిందికి వెళ్ళి ముల్లు ముందు నిలబడింది. ఎర్ర స్విచ్ మీద వేలు పెట్టి నేనెంతసేపు నిలబడిపోయానో తెలియదు. కింద అమ్మ ఉంది, చేతిలో పాప ఉంది. వెయ్యమని కింది నుంచి అమ్మే అంది.

మంట అంటుకున్న చప్పుడు. ముల్లు కదులుతోందని అమ్మ అరిచి చెబుతోంది, సగం దాటిందని, ఇంకా పోతోందని. చివరికి ఆగిందని చెప్పింది. కాసేపటికి హాల్లో రేడియేటర్ మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగిలింది. అప్పుడు ఏడ్చాను.

మావారు ఇల్లు చేరేసరికి రాత్రయింది. మర్నాడు వచ్చిన మెకానిక్ నీళ్ళు చిమ్మిన వాల్వు మార్చి, వేడి హద్దు దాటగానే మంటను ఆపవలసిన చిన్న పెట్టె ఎప్పుడో చెడిపోయి ఉందని చూపించాడు. తప్పు ఆ పెట్టెదమ్మా అని నేనెన్నిసార్లు చెప్పినా అమ్మ తలూపేదే గాని ఒప్పుకోలేదు. "ఊళ్ళో బిడ్డలందరినీ కాపాడి, నా మనవరాలి దగ్గరికొచ్చేసరికి ఇట్లా చేశాను" అని ఒక్కసారి అంది, మళ్ళీ అనలేదు. ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే లేచి గదిగదికీ తిరిగి, జ్వరం చూసినట్టు అరచెయ్యి వెనక్కి తిప్పి ప్రతి రేడియేటర్‌నూ తాకి వచ్చేది. గుంటూరు వెళ్ళిపోయాక కూడా చలికాలంలో ఫోన్ చేస్తే పాప ఎలా ఉందని అడగడానికి ముందే, అన్నీ తెరిచే ఉన్నాయా అమ్మా అని అడిగేది. రేడియేటర్లు లేని ఈ ఇంటికి మారినా నేనావిడకు చెప్పలేదు. ఉన్నాయమ్మా అనేదాన్ని, ఆవిడ హమ్మయ్య అనేది.

ఆ గుప్పెడంత పిల్ల ఇప్పుడు దూరంగా ఇర్వింగ్ ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. ఇంట్లో వెచ్చగా ఉందా అని అడిగితే, "అమ్మా, అది ఫోన్‌లో సెట్ చేసేశాను, నువ్వు వర్రీ అవకు" అంటుంది. దాని మాట నిజమే, ఇప్పటి ఇళ్ళు తమను తామే చూసుకుంటాయి, చెయ్యి తిప్పి తాకి చూడవలసిన అవసరం ఎవరికీ లేదు.

కూటం అయ్యాక కోటు వెతుక్కునే నెపంతో నేనా పిల్లల ఇల్లంతా తిరిగి రేడియేటర్లన్నీ తాకి చూశాను. వెనక గదిలోది చల్లగా ఉంది, పిడి బిగించి ఉంది. "అందులో ఎవరూ ఉండట్లేదు ఆంటీ, వేస్ట్ కదా అని కట్టేశాం" అంది ఆ ఇంటి అమ్మాయి. ఈ ఒక్కటీ మూసినంత మాత్రాన బాయిలర్‌కి ఏమీ కాదని నాకు తెలుసు. అయినా తెరిచాను, తెరిచే ఉంచమని చెప్పాను. బయటికొచ్చి కార్‌లో కూర్చున్నాక గుంటూరు ఇంటికి ఫోన్ చేయాలనిపించింది, ఆ ఫోన్ ఎత్తే మనిషి పోయి నాలుగేళ్ళయిందని వెంటనే గుర్తొచ్చింది. అన్నీ తెరిచే ఉన్నాయమ్మా అని పైకే అని, కారు స్టార్ట్ చేశాను.