పీత ఆటకు పూసిన గ్రీజు

అక్క కొడుకు మా పాత వీడియో గేమ్ కేసెట్ ఫొటో ఏదో గ్రూపులో పెట్టిన పాపానికి, మొన్న ఆదివారం హైదరాబాదు నుంచి ఒకాయన సముద్రం దాటి ఈ దీవికి, లంబాలైన్‌లోని మా ఇంటికి దిగాడు. టోపీ పెట్టుకున్న పీత ఒకటి పలకల మీద గెంతుకుంటూ వంతెనలు దాటే ఆట అది. అప్పట్లో ఎవరూ కొనలేదట, అందుకే ఇప్పుడు పాత ఆటలు సేకరించేవాళ్లంతా దానికోసం వెతుకుతున్నారట. ఎవరికీ అక్కర్లేకపోవడం కూడా ఒక అర్హతేనని నాకు ఈ వయసులో తెలిసింది. వచ్చినాయన దూదిని స్పిరిట్‌లో ముంచి కేసెట్ అంచు తుడుస్తూ, "సముద్రం పక్కన ఇన్నేళ్లున్నా ఎక్కడా తుప్పు లేదు. ఎవరో గ్రీజు పూశారు సార్" అన్నాడు. ఆ ఎవరో మా చిన్నాన్న.

చిన్నాన్న హార్బరుకు అవతలి ఒడ్డున హోప్ టౌన్‌లో ఉండేవాడు, చేపల బోటు మీద ఇంజను చూసేవాడు. ఆదివారం ఫెర్రీ దిగి వచ్చి, స్నానం చేసి, తల దువ్వుకుని మరీ టీవీ ముందు కూర్చునేవాడు. "పీత ఎక్కడన్నా ఎగురుతాదేట్రా, పక్కకి కదా నడుస్తాది" అని ప్రతిసారీ ఆక్షేపించేవాడు గానీ, మూడో వంతెన తన చేత్తో దాటించాలని ఆయనకు ఒకటే పట్టుదల. ఇంజను బోల్టులు విప్పే ఆ మొద్దు వేళ్లకు అది అయ్యే పని కాదు. పీత నీళ్లలో పడ్డప్పుడల్లా ఆట మొదటికొచ్చేది, మాకు విసుగు. అందుకని అక్కా నేనూ ఒక ఉపాయం పన్నాం. రెండో రిమోట్ ఆయన చేతికిచ్చి, దాని వైరు దేనికీ తగిలించకుండా చాప కిందికి తోసేవాళ్లం. ఆడేది నేను. ఆయన పళ్లు బిగబట్టి మీటలు నొక్కేవాడు. పీత వంతెన దాటగానే "దాటించీసినాను" అనేవాడు. మేం వంటింట్లోకి పరుగెత్తి నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వేవాళ్లం. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆటకన్నా నాకు అదే ఎక్కువ ఇష్టం.

ఒక ఆదివారం ఆట తెర మీదికి రాలేదు. కేసెట్ తీసి చూస్తే అంచంతా బోటు గ్రీజు. "ఉప్పుగాలి ఇంజను తీగల్నే తినేస్తాది, ఇదెంత. పోయిన వారం ఎల్లేటప్పుడు నానే పూసినాను" అన్నాడు చిన్నాన్న, మెచ్చుకుంటాననుకుని. పక్కింటి పిల్లలంతా చూస్తుండగా, వాళ్లతో మాట్లాడే హిందీ కలిపి, "మచ్లీ కంపు చేతులతో అంతా ఖరాబ్ చేశావ్. ఇంకెప్పుడూ ముట్టుకోకు" అన్నాను. ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని లేచి వెళ్లిపోయాడు. కేసెట్ ఆ గ్రీజుతోనే అటకెక్కింది. ఆ తర్వాత పెళ్లిళ్లకూ చావులకూ వచ్చాడు గానీ, టీవీ ఉన్న గదిలో అడుగు పెట్టలేదు.

హైదరాబాదు ఆయన తను తెచ్చుకున్న మిషన్‌లో కేసెట్ పెట్టగానే పీత గెంతింది. నేను ఫోన్ చేస్తే చిన్నాన్న మధ్యాహ్నం ఫెర్రీకి వచ్చాడు, ఈసారీ తల దువ్వుకునే. "నువ్వు పూసిన గ్రీజే దీన్ని కాపాడింది చిన్నాన్నా" అని రిమోట్ ఆయన చేతిలో పెట్టాను. ఆయన తెర వంక చూడలేదు. వణికే వేళ్లతో వైరు పట్టుకుని, వల లాగినట్టు కొంచెం కొంచెంగా లాక్కుంటూ, దాని చివర ఎక్కడుందో చూసుకున్నాడు.

"ఈసారి తగిలించినావు" అన్నాడు. రిమోట్ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "నువ్వే ఆడరా. నా సేతులికి ఇప్పుడది అవదు."

అంటే ఆ ఆదివారాలన్నీ ఆయనకు తెలుసు. వైరు తగిలించడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. ఆ చేతులు అంతకాలం ఆగలేకపోయాయి.