ఖదీజా చుట్టాలు

మాది పెద్ద ఫైనాన్స్ కంపెనీ. ముంబైలో హెడ్డాఫీసు, దేశమంతటా బ్రాంచీలు. ఫోన్ ఎత్తగానే "నమస్కారం సర్, మీకు ఏ విధంగా సహాయపడగలను?" అనాలని ట్రైనింగులో మా బుర్రలు రుబ్బి పంపారు. నరసరావుపేట బ్రాంచిలో నా పక్క సీటు ఖదీజా మాత్రం "ఆఁ, చెప్పు బాబాయ్!" అంటుంది.

ఆమె మెకానిక్ ఇమాం సాహెబ్ పెద్ద కూతురు. డిగ్రీ అయ్యాక చిలకలూరిపేటలో దూది మిల్లు ఆఫీసులో చేసింది. రోజంతా చెవులు దిబ్బడలు వేసే మోత, ఒళ్ళంతా దూది. అక్కడినుంచి కిందటేడు మా దగ్గరికి వచ్చి పడింది. ఇన్సూరెన్స్ పనులు మేమిద్దరమే చూస్తాం. మొదట్లో ఈ పిల్లంటే నాకు గిట్టేది కాదు. జనం నిలబడి ఉంటే "పెద్దమ్మా, మోకాళ్ళ నొప్పులు తగ్గినయ్యా?" అని మొదలుపెట్టేది.

"ఇది ఆఫీసు తల్లీ, పెళ్ళిపందిరి కాదు" అని కసిరేదాన్ని.

"సరేలే రుచితక్కా" అని నవ్వేసేది. నాకు ఇంకా ఒళ్ళు మండేది. కానీ నా కౌంటర్ దగ్గర కయ్యానికి దిగినవాళ్ళే ఆమె ముందు కూర్చుని, మంచినీళ్ళు తాగి, పని చేయించుకుని పోయేవారు. ఇక నేనేం అంటాను? నోరు మూసుకున్నాను. కొన్నాళ్ళకు ఆ పిల్ల సెలవు పెడితే నాకే తోచేది కాదు.

అంతలో హెడ్డాఫీసు వాళ్ళు ఫోన్ రికార్డింగులు వినడానికి ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. సొంత చుట్టాల ఫైలు ఎవరూ ముట్టుకోకూడదని మా కంపెనీలో గట్టి నియమం. ఆ మాయదారి సాఫ్ట్‌వేర్ ఖదీజా ఫోన్లన్నీ విని బాబాయిలను, మామయ్యలను, పెద్దమ్మలను, వదినలను ఏరి ఒకచోట పోగేసింది. ఈపూరు, నూజెండ్ల, నరసరావుపేట అన్నీ ఈమె చుట్టాలేనని తేల్చింది! ఉద్యోగం పర్మనెంట్ కావలసిన నెలలో ఆర్డరు ఆపేసి, ముంబై నుంచి ఒక ఆడిటర్‌ని పంపారు.

ఆయనకు తెలుగు ముక్క రాదు. మా మేనేజర్ సందీప్ సార్ ఇక్కడి పద్ధతి ఎంత చెప్పినా ఆయన తల ఊపలేదు. "నేనే చూస్తాను" అని హిందీలో అని, ఖదీజా వెనకే కుర్చీ వేసుకున్నాడు.

ఖదీజా మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, మళ్ళీ ఆ మిల్లుకే పోవాలంటావా?" అంది.

"ఇవాళ ఒక్కరోజు సర్, మేడం అనవే. నీకు పుణ్యముంటది" అన్నాను.

సరిగ్గా అప్పుడే ఈపూరు రాఘవమ్మ వచ్చింది. భర్త పోయాక ఆమె ఇన్సూరెన్స్ పనంతా చేసిపెట్టింది ఖదీజాయే. ఆఖరి సంతకం ఒకటి మిగిలింది.

"చెప్పండి మేడం. మీకు ఏ విధంగా సహాయపడగలను?" అంది ఖదీజా, గొంతు సవరించుకుని.

రాఘవమ్మ వెనక్కి తిరిగి చూసింది, మేడం ఎవరా అని. ఎవరూ లేరు.

"ఏందే ఖదీజా, నన్నేనా? నీకు నామీద కోపమొచ్చిందా? మీ పెదనాయన పోయిన కాడ్నించి అన్నీ నువ్వే గదే చూసింది!"

ఆడిటర్ నావైపు తిరిగి, ఏమంటోందని అడిగాడు. ఏం చెప్పను? ఉన్నదున్నట్టు చెబితే పిల్ల ఉద్యోగం గోవిందా. అబద్ధం నాకు చేతకాదు, చెప్పేశాను. ఆయన పెన్ను తీశాడు. ఈమె ఖదీజాకు ఏమవుతుందో అడగమన్నాడు.

"పెద్దమ్మా, ఖదీజా నీకేమవుద్ది?" అన్నాను. నా నోటికీ అదే వచ్చి చచ్చింది.

"కూతురు."

"సొంతమేనా?"

"సొంతం గాకపోతే అద్దెకు తెచ్చుకున్నానా?"

సందీప్ సార్ నుదురు కొట్టుకున్నారు.

"వాళ్ళ నాన్న పేరేంది పెద్దమ్మా?" అన్నాను, ఆఖరి ఆశగా.

"నాకేం తెలుసు? వాళ్ళిల్లు ఏ బజారో గూడా తెలవదు. ఈ గాజు తలుపు తీసుకుని లోపలికొస్తే పలకరించే పిల్ల ఇదొక్కతే." రాఘవమ్మ చూపు ఆడిటర్ మీద పడింది. "ఈ అబ్బాయెవురు? చానా దూరం నించి వచ్చినట్టుండాడు. అన్నం తిన్నావా నాయనా? ఏమే ఖదీజా, మీ అన్నకి మంచినీళ్ళియ్యవే!"

అదంతా హిందీలో చెప్పి, ఊరుకోలేక నేనొక మాట కలిపాను. "సార్, ఇప్పుడు మీరు ఖదీజాకు అన్నయ్య. చుట్టాల ఫైలు ముట్టుకోకూడదు కదా, మరి ఆమె ఫైలు మీరెలా చూస్తారు?"

ఆయన భుజాలు అదిరేలా నవ్వాడు. రిపోర్టులో 'చుట్టాలు' అన్న మాట కొట్టేసి, పర్మనెంట్ చేయవచ్చని మా ముందే రాసి సంతకం పెట్టాడు. "నీళ్ళివ్వు చెల్లీ" అని ఖదీజాను హిందీలోనే అడిగాడు.

ఆ పిల్ల ఏడుస్తూ నవ్వుతూ నీళ్ళు తెచ్చింది. నా కళ్ళూ ఊరుకోలేదు. ఆయనకు గ్లాసిచ్చి, రాఘవమ్మ ముందు కాగితం పెట్టి, సంతకం చోటు చూపించింది.

రాఘవమ్మ పెన్ను ముట్టుకోలేదు. మూతి ముడుచుకుని కూర్చుంది.

"ముందు పెద్దమ్మా అను. ఆ తర్వాతే సంతకం" అంది.